రాయెత్తు వెంట్రుకలు

తొర్రూరు బస్టాండు పక్కన నేను రోజూ చాయ్ తాగే హోటలు ఒకటి ఉంది. మొన్న పొద్దున దాని యజమాని, పొయ్యి మీద పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా, ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు.

“పెద్దాయినా, గిది సూసినవా? మీ భూపాలపల్లి దిక్కు ఎనుకట సముద్రం ఉండెనట. బొగ్గుబాయి మట్టిగుట్ట మీద నత్తరాయి దొరికింది. డైనోసార్ల నాటిదట!”

ఫోటోలో ఎవరిదో అరచేయి. అందులో పొట్టేలు కొమ్ములా చుట్టుకున్న గోధుమరంగు రాయి. దాని కింద ఎవరెవరో రాసిన మాటలు. ఒకాయన అది శేషనాగు పిల్ల అన్నాడు. ఇంకొకాయన దాన్ని అమ్మితే ఇల్లు కట్టొచ్చు అన్నాడు. మూడో ఆయన మన ప్రాంతం ఒకప్పుడు నడిసముద్రమని, చరిత్రకారులు కావాలని దాచిపెట్టారని తిట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రాయిని ఏనాడూ చేత్తో పట్టని వాళ్లందరికీ రాయి గురించి చెప్పడానికి ఎంత నోరు!

“సముద్రం లేదు, గిముద్రం లేదు” అన్నాను.

“నీకెట్ల ఎరుక?”

“ఆ రాయి నాకు ఎరుకే.”

“రాయి గూడ నీకు సుట్టమేనా ఏంది?” అని నవ్వి, పాలు దించడానికి పోయాడు.

నేను ఫోటోను పెద్దది చేసి చూశాను. చుట్టల నడుమ చిన్న గుంట. ఆ గుంటలో ఎర్రటి చుక్క. గ్లాసులో చాయ్ మీద మీగడ కట్టింది. నేను తాగలేదు.

మా ఊరు చెల్పూరుకు అవతల, అడవి మొదలయ్యే చోట ఉండేది. ఉండేది అంటే ఇప్పుడు పాడుబడిందని కాదు. ఊరున్న చోట గొయ్యి ఉంది. గొయ్యిలోంచి తీసిన మట్టి గుట్టగా ఉంది. బొగ్గు ఎటు పోయిందో అందరికీ తెలుసు. మట్టిలో ఏముందో ఎవరూ అడగలేదు.

ఊరి వెనక వాగు. వానలు పోయాక గట్టు కోసుకుపోయి, నల్లటి పలకరాళ్లు పొరలు పొరలుగా బయటపడేవి. గొడ్డలి మడమతో అంచున మెల్లగా కొడితే పొర విచ్చుకునేది. లోపల ఆకు. నడిమిన పెద్ద ఈనె, దానికి రెండు వైపులా వలలా అల్లుకున్న సన్న ఈనెలు. విచ్చుకున్న క్షణంలో ఒక వాసన వచ్చేది. బడి పిల్లలు పలక మీద ఉమ్మేసి చేత్తో తుడిచినప్పటి వాసన, అందులో కొంచెం కిరసనాయిలు కలిసినట్టు. ఆ వాసన ముందుగా ఎవరు పీలిస్తే ఆకు వాళ్లది. నాకూ మా చెల్లెకూ మధ్య ఉన్న చట్టం అదొక్కటే. దాని ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉండేది. అయినా ఎక్కువసార్లు అదే గెలిచేది.

ఆకురాళ్లన్నీ కొట్టంలో గోడగూటిలో పేర్చేవాళ్లం. మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వకు ఆ గూడు చూస్తే మంట.

“కట్టెలకు పొమ్మంటె రాళ్లు తెస్తరు. గివ్వి పొయ్యిల పెడితె మండుతయా?”

“బొగ్గు మీది రాళ్లు, మండినా మండుతయి. ఒక్కపారి పెట్టి సూడరాదు” అని నాయిన ఎగతాళి చేసేవాడు. నాయినమ్మ మాత్రం ఒక రాయి తీసుకొని, కొంగుతో తుడిచి, సరిగా ఆనని కళ్లకు దగ్గరగా పెట్టుకొని, “ఎనుకటి అడివి. పానం పోయింది గని రూపం ఇడిసిపెట్టలే” అనేది.

ఒకసారి మా ఇంట్లో విందు. మోదుగాకు విస్తళ్ల ముందు అందరూ కూర్చున్నారు. ప్రతి విందులో విస్తరి చినిగిందని పేచీ పెట్టే మేనమామ ఒకాయన ఉండేవాడు. ఆయన ముందు మా చెల్లె పేద్ద ఆకురాయి తెచ్చిపెట్టి, “మామా, గిది సినగది, గీన్ల తిను” అంది. బంతి మొత్తం గొల్లున నవ్వింది. మామ కోపంతో లేవబోయి, చారు వాసన తగిలి మళ్లీ కూర్చున్నాడు. ఇప్పపువ్వు ఉడికే వాసన, మక్కగటుక మీద పోసిన చింతపండు చారు వాసన ఎక్కడన్నా తగిలితే, నాకు ఇప్పటికీ ముందు ఆ పోరి మొహమే కనిపిస్తుంది.

నాది బడి చదువు కాదు. ఉప్పు, బెల్లం పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కొని నేర్చుకున్నాను. చాలా ఏండ్ల తర్వాత, పాత పుస్తకాల కుప్పల్లో వెతికి వెతికి, మా గూటిలోని ఆకులు డైనోసార్ల కంటే పాతవని తెలుసుకున్నాను. తెలుసుకున్నానని చెప్పడానికి అప్పటికి చెల్లె లేదు.

మా ఊరికి ఏడాదికి రెండు మూడుసార్లు పూసలామె వచ్చేది. పాలకుర్తి దిక్కు మనిషి. నెత్తిన గంప. గంపలో సూదులు, దబ్బనాలు, పిన్నీసులు, రిబ్బన్లు, నల్లపూసలు, దువ్వెనలు. “ఎంటికెలకు సూదులమ్మా, పూసలమ్మా” అని ఆమె కేక వాకిట్లో పడగానే ఆడవాళ్లు చూర్లు, గోడ నెర్రెలు వెతుక్కునేవాళ్లు. తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలను వేలికి చుట్టి, ఉండ చేసి, అక్కడ దోపడం అలవాటు. ఆమె ఆ ఉండలు తీసుకొని సామాను ఇచ్చేది. పట్నంలో వాటితో సవరాలు అల్లుతారని చెప్పేది.

ఆమె దగ్గర చిన్న తక్కెడ ఉండేది. దానికి తూకపు గుండు లేదు. పొట్టేలు కొమ్ములా చుట్టుకున్న ఒక రాయి ఉండేది. వాళ్ల అత్తకాలంలో గుజరాతు వైపు నుంచి వచ్చిన రాతి పూసల మూటలో కలిసి వచ్చిందట. ఒక పళ్లెంలో రాయి, ఒక పళ్లెంలో వెంట్రుకలు. ఒక్క ఇంటి వెంట్రుకలకు రాయి లేచేది కాదు. అందుకని రెండు మూడిళ్ల వాళ్లు పొత్తు కలిసి తూకం వేయించుకొని, వచ్చిన సూదులు పంచుకొనేవాళ్లు. పంచుకొనే దగ్గర ప్రతిసారీ లొల్లే.

“నడుమల లక్క పెట్టి బరువు జేసినవ్. నీ రాయి ఏటేటా బలుస్తున్నది” అనేది మా పక్కింటి పెద్దమ్మ.

“అంచు పెచ్చు ఊడితె దానికి సరిజేసిన లక్క అది. నీ ఎంటికెలల్ల నూనె సంగతి జెప్పు పెద్దక్కా. పిండితె దీపం పెట్టుకోవచ్చు” అనేది పూసలామె.

మా చెల్లె ఆ రాయిని మొదట చూసిననాడు అక్కడి నుంచి కదలలేదు. రాయి మీది గీతల వెంట వేలు పెట్టి, బయటి చుట్టు నుంచి నడుమ లక్క దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చింది. తర్వాత నా చెవిలో చెప్పింది.

“అన్నా, మనకాడ ఆకులే ఉన్నయి. ఆకులు తినే పురుగు లేదు. గిదే ఆ పురుగు.”

అప్పటి నుంచి పూసలామెను సతాయించడం మొదలు. “అత్తా, గా రాయి నాకియ్యి.”

“తూకం రాయి నీకిస్తె నేనేం జెయ్యాలె బిడ్డా? కండ్లతోని జోకాల్నా?”

“ఇయ్యి అత్తా.”

వదిలేట్టు లేదని పూసలామె నవ్వి, “సరె. రాయెత్తు ఎంటికెలు తే. నువ్వొక్కదానివే తేవాలె. సూదులద్దు, పూసలద్దు, రాయే పట్టుకపో” అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. “ఊరందరికీ గుండు గీకియ్యాలె ఇగ” అంది పెద్దమ్మ.

వాళ్లు నవ్వి మరిచిపోయారు. అది మరవలేదు. బావికాడి ముళ్లకంపకు చిక్కిన పోగులు ఏరేది. నాయినమ్మ తల దువ్వుతుంటే కింద కూర్చొని రాలిన ప్రతి వెంట్రుకా పట్టేది. ఇంటింటి చూరులో చెయ్యి పెట్టి తిట్లు తిన్నది. ఇంకా తక్కువ పడుతుందని నేనొక ఉపాయం చెప్పాను. మా నల్ల ఎద్దు తోక కుచ్చు కోసి ఉండల్లో కలిపాం. మళ్లీ వచ్చినప్పుడు పూసలామె ఉండ విప్పి, వాసన చూసి, కడుపు పట్టుకొని నవ్వింది.

“గీమె ఎవరమ్మా మీ ఇంట్ల? పేడ తట్ట మీద పండుతదా?”

ఎద్దు వెంట్రుకలు ఏరి పారేసి, మిగిలినవి తక్కెడలో వేస్తే రాయి కదలనైనా కదలలేదు. చెల్లె ఏడవలేదు. “ఇంకెంత కావాలె అత్తా?” అని అడిగింది. పూసలామె పిడికిలి మూసి చూపించింది. “గింత.”

మరుసటి వానల్లో చెల్లెకు జ్వరం పట్టింది. వాగు నిండి పారుతోంది, బండి దాటే వీలు లేదు. వేపాకు, కషాయం, తాయెత్తు అన్నీ అయ్యాయి. వాగు తగ్గగానే నాయిన భుజాన వేసుకొని భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోయాడు. పేగులు పుండ్లు పడ్డాయని, చాలా ముదిరిందని చెప్పి, మందులిచ్చి పంపారు. ఇంటికొచ్చాక దాని జుట్టు ఊడటం మొదలైంది. దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా దువ్వెనతోనే వచ్చేది. అవ్వ ఆ దువ్వెన పట్టుకొని గోడవైపు తిరిగేది.

“పారెయ్యకవ్వా. అన్నకియ్యి” అంది చెల్లె. నా వైపు చూసి సంబరంగా, “అన్నా, ఇప్పుడు ఎత్తుతది గదా?” అంది.

నేను తల ఊపాను. ఆ సంబరాన్ని నేను ఎవరికీ అప్పజెప్పలేక ఇన్నేండ్లు మోస్తున్నాను.

పూసలామె చెల్పూరు వారపు అంగడికి వచ్చిందని తెలిసింది. నాయినమ్మ చెల్లె వెంట్రుకలన్నీ పాత గుడ్డలో మూట కట్టింది. కట్టే ముందు తన తెల్ల వెంట్రుకల ఉండ కూడా అందులో పెట్టడం చూశాను. “ఉరుకు” అంది. ఉరికాను.

పూసలామె అంగడి చివర గంప దించుకొని కూర్చుంది. మూట ముడి విప్పింది. సన్నటి మెత్తటి వెంట్రుకలు, వాటిలో ఎండిన వేపాకు తుంపులు. చూసి మళ్లీ ముడి వేసింది.

“జరమొచ్చిన తలదా?”

“చెల్లెది.”

“గిది గంపల పెట్టద్దు కొడుకా. జరం తల ఎంటికె మేం తీసుకోం.”

“ఎత్తుతది అత్తా. ఒక్కపారి తూకం ఎయ్యి. సూడు, ఎంతున్నదో!”

ఆమె తూకం వేయలేదు. తక్కెడ పళ్లెంలోంచి రాయి తీసి నా చేతిలో పెట్టింది.

“మరి ఎంటికెలు?”

“ఊకె ఇస్తె గంపల కెల్లి లచ్చిమి దిగిపోతది. బేరం బేరమే. ఇటు రా.” నా తల వంచి, ఒక్క వెంట్రుక పుటుక్కున పీకింది. వేలికి చుట్టి గంపలో పడేసింది. “ఎత్తింది. పో.”

నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. వెంట్రుక పీకినందుకే వచ్చాయనుకోవాలని తల రుద్దుకున్నాను.

“ఇగ నువ్వెట్ల జోకుతవ్ అత్తా?”

“రాళ్లకు కరువొచ్చిందారా పోరగా?” అని కసిరి, నేను తిరగబోతుంటే, “గా మూట ఇంటికి కొండవోకు. వాగుల కలుపు” అంది.

వచ్చేటప్పుడు వాగులో విప్పాను. నల్లటి పోగులు నీళ్లమీద కాసేపు తేలి, పాయలుగా విడిపోయి, మలుపు తిరిగాయి. వెనకాల నాయినమ్మ తెల్ల ఉండ ఒక్కటే ఆగి ఆగి పోయింది.

చెల్లె నా కోసమే కళ్లు తెరిచి ఉంది.

“ఎత్తిందా?”

“ఎత్తింది. ఇంక మిగిలినయి గూడ.”

“మిగిలినయి ఏం జేసినవ్?” అలాంటి ప్రశ్న అది తప్ప ఎవరూ వేయరు.

“అత్తకే ఇచ్చిన. మల్లొచ్చేటప్పుడు నీకు రిబ్బను తెస్తనన్నది.”

అది తల తడుముకొని నవ్వింది. “రిబ్బను ఏడ కట్టుకోను?”

నాయిన లేచి బయటికి పోయాడు. నేను రాయిని దాని చెంపకు ఆనించాను. “సల్లగున్నది” అంది. “లోపల పన్నదా పురుగు?”

“పన్నది.”

“లేపకు.”

మర్నాడు ఎండ గడప దాటి లోపలికి వచ్చే వేళకు చెల్లె లేదు.

చిన్నపిల్లలను మా వాళ్లు కాల్చరు. వాగు ఒడ్డున మట్టిలో పెడతారు. కుక్కలు తవ్వకుండా ముళ్లకంప వేస్తారు. అంతే, వేరే గుర్తు పెట్టరు. గుర్తు ఉంటే తల్లి కాళ్లు అటే పోతాయని, ఇంట్లో మిగిలినవాళ్లను మరిచిపోతుందని ఆ కట్టుబాటు. వచ్చే వానకు గడ్డి మొలిచి, చోటు నేలలో కలిసిపోవాలి. దాని పిడికిట్లో రాయి ఉందని ఎవరో తీయబోతే నాయినమ్మ ఆపింది.

“ఉండనియ్యిండ్రి. అది కొనుక్కున్నది.”

మట్టిలో పెట్టింది మళ్లీ ఇంట్లోకి రాకూడదని కూడా ఆమే చెప్పింది. నేను ఆ తర్వాత ఒక్క పలకరాయినీ విప్పలేదు. పూసలామె మరుసటి ఏడు వచ్చింది. మా వాకిట్లో కేక వేయకుండా దాటిపోయింది. ఆమె తక్కెడలో మామూలు గులకరాయి ఉంది.

అవ్వకు గుర్తు అక్కర్లేకపోయింది. కట్టెలకని ఎప్పుడూ వాగు ఆ వైపే పోయేది. కట్టెలు లేకుండా వచ్చేది. ఆమె ఉన్నన్నాళ్లు ఆ చోటు ఊళ్లో ఒక్కరికైనా తెలిసి ఉండేది. ఆమె పోయిన కొన్నేండ్లకు మా ఊరి కింద బొగ్గు ఉందని గని వాళ్లు వచ్చారు.

పరిహారం రాసుకోవడానికి ఇళ్లు అడిగారు, బావులు అడిగారు, చింతచెట్లు అడిగారు. పోశమ్మ గద్దెను మేళతాళాలతో కొత్త చోటికి మార్చారు. నేను వాళ్ల ఆఫీసుకు పోయి, “వాగొడ్డున మా చెల్లె ఉన్నది” అన్నాను. అక్కడ కూర్చున్న పిల్లగాడు మర్యాదగానే అడిగాడు.

“సమాధి కట్టిండ్రా అన్నా? ఏదన్నా గుర్తున్నదా?”

“మా దాంట్ల పిల్లలకు గుర్తు పెట్టరు.”

“మరి మాకెట్ల తెల్వాలె అన్నా?”

వాడు కసిరి ఉంటే కొట్లాడేవాణ్ని. న్యాయంగా అడిగితే ఏం చెయ్యను? పార పట్టుకొని నేనే వాగుకు పోయాను. ఏటా వరదకు గట్టు జరిగీ జరిగీ వాగు వేరే మనిషిలా ఉంది. ఎక్కడ తవ్వను? చెట్టుకు విలువ కట్టే లోకానికి, గుర్తు పెట్టుకోవద్దని గుండె రాయి చేసుకున్న తల్లి సంగతి తెలియదు. గుర్తు లేదు కాబట్టి మనిషి లేదన్నారు. నాకు వయసు మీద పడ్డా ఆ కోపం మాత్రం ముసలిది కాలేదు.

చాయ్ వదిలేసిన మర్నాడే బస్సెక్కి భూపాలపల్లి పోయాను. ఫోటో కింద రాసి ఉన్నట్టే, రాయిని అక్కడి ఒక కాలేజీలో అద్దాల బీరువాలో పెట్టారు. చూసుకునే ఆమె చిన్న వయసు మేడం. నేను అడగకముందే నిజం చెప్పింది.

“సముద్రం అని రాసుకుంటున్నరు గని తాతా, తప్పు. జురాసిక్ కాలంల ఈడ నదులు, అడవులు. ఇది సముద్రంల బతికిన జీవి, అమ్మోనైట్ అంటరు. గుజరాతు దిక్కు కచ్‌ల దొరుకుతయి. ఈడికెట్లొచ్చిందో! గీ నడుమ ఎర్రది ఏందో గూడ నాకు సమజైతలేదు.”

“లక్క.”

ఆమె నా మొహం చూసింది. “మీకెట్ల తెలుసు? ఎట్లొచ్చింది తాతా ఇది?”

“ఎంటికెలకు వచ్చింది బిడ్డా.”

వెనక పిల్లలు ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. మేడం నవ్వలేదు, కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. చెప్పగలిగినంత చెప్పాను. రిబ్బను దగ్గర ఆగిపోయాను.

ఆమె బీరువా తాళం తీసి రాయిని నా చేతిలో పెట్టింది. బయటి చుట్టు నుంచి లక్క దాకా వేలు పోనిచ్చాను. చెంపకు ఆనించుకున్నాను. సల్లగానే ఉంది.

“తీస్కపోండి తాతా. ఎవలన్నా అడిగితె నేను జెప్పుకుంట. మీదే గదా.”

“నాది గాదు, దానిది. మట్టిల పెట్టింది ఇంట్లకు తేవద్దు.”

“మరి ఆమె ఉన్నకాన్నే పెట్టొద్దామా?”

మంచి మనసుతోనే అడిగింది. రాయి తెచ్చిచ్చిన లారీ డ్రైవరుకు ఫోను చేసి కూడా అడిగింది. గుట్ట మీద ఏ వానకో కడుక్కుపోయి తేలిందట. ఆ మట్టి గొయ్యిలో ఎక్కడిదో, ఎప్పుడు పోసిందో ఎవరికీ తెలియదట. ఇన్నేండ్లు నేను ఒకటి అనుకొని బతికాను. ఊరు పోతే పోయింది, లోతున ఎక్కడో నా చెల్లె పిడికిలి మూసుకొని పడుకొనే ఉందని. రాయి పైకి వచ్చిందంటే పిడికిలి విడిపోయిందనే కదా. లేపకు అన్నది. లేపారు.

రాయిని తిరిగి ఆమె చేతిలో పెట్టాను. లక్కను మాత్రం గీకి తీయొద్దని అడిగాను. సరేనంది.

తిరుగు బస్సు ఆ గుట్ట పక్కనుంచే పోయింది. చుట్టూ ముళ్లతీగ. మీద వరుసలుగా నాటిన మొక్కలు. కిటికీలోంచి ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చూశాను. బస్సు పోతూనే ఉంది, గుట్ట అయిపోలేదు.

అత్తా, బేరం బేరమే అన్నావు. ఆ గుట్టలో మా చెల్లె కలిసిన గంపెడు మట్టి ఏదో చూపిస్తే నేనూ బేరమాడి కొనుక్కుంటాను. కానీ తల తడుముకున్నాను. పీకి ఇవ్వడానికి ఒక్క వెంట్రుక మిగల్లేదు.